కొంగల వెంట నాలుగు రోజులు

జర్మనీలో నేను మొదటిసారి దిగింది బెర్లిన్ టెగెల్ విమానాశ్రయంలో. 2017 శీతాకాలం. సూట్‌కేసులో అమ్మ సర్దిన గోంగూర పచ్చడి కారిపోయి ఉంటుందేమోనన్న టెన్షన్‌లో ఉన్నాను. అయినా బయటికొచ్చే దారిలో టెగెల్ పక్కన రాసున్న ఓటో లిలియెంటాల్ అనే పేరు కంటపడింది. ఎవరో రాజకీయ నాయకుడై ఉంటాడనుకుని ముందుకెళ్లిపోయాను. 2020 నవంబరులో ఆ విమానాశ్రయం మూతపడింది. కొత్త విమానాశ్రయానికి మరో పేరు పెట్టారు. నేను చూసిన మొదటి జర్మన్ పేరు అలా పోతుంటే ఏదో వెలితిగా అనిపించి, ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

చదివే కొద్దీ వదల్లేకపోయాను. రైట్ సోదరులు ఇంజిను బిగించి ఎగరడానికి పన్నెండేళ్ల ముందే, గాలి కంటే బరువైన రెక్కలు కట్టుకుని ఒక మనిషి కొండ మీంచి మళ్లీ మళ్లీ ఎగిరాడు. ఎగిరిన ప్రతిసారీ కొలతలు రాసుకున్నాడు. ఆయన కొండ మీంచి పడింది ఆగస్టు 9న, చనిపోయింది 10న. ఆ రెండు తేదీలు కలిసొచ్చేలా నాలుగు రోజులు సెలవు పెట్టి, ఆఖెన్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా తమ్ముణ్ని రమ్మన్నాను. ఇద్దరన్నదమ్ముల కథ కదా, ఒక్కదాన్నే వెళ్లాలనిపించలేదు.

ఆగస్టు 7, గురువారం. ఆంక్లామ్

బెర్లిన్ నుంచి ఉత్తరంగా ష్ట్రాల్సుండ్ వైపు వెళ్లే రైలెక్కాం. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టుకొచ్చాను. పాసెవాల్క్ దాటాక ఇళ్లు తగ్గిపోయి పచ్చిక మైదానాలు మొదలయ్యాయి. కోత అయిపోయిన ఒక చేలో తెల్లటి పక్షులు ఐదారు నిలబడి ఉన్నాయి. ఎర్రటి కాళ్లు, ఎర్రటి ముక్కు, రెక్కల చివర నలుపు.

"అక్కా, అక్కా! కొంగలు!" అని అద్దానికి అతుక్కుపోయాడు మావాడు. పాతికేళ్లొచ్చినా కొంగ కనిపిస్తే వాడికి పదేళ్లే. మా అమ్మమ్మగారి ఊరు గుంటూరు దగ్గరి ఉప్పలపాడుకి కూతవేటు దూరం. అక్కడి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. సెలవులకి వెళ్తే సాయంత్రాలు ఆ గట్టు మీదే గడిచేవి. పక్షి దిగే ముందు రెండు కాళ్లూ వేలాడేసి, రెక్కలు పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగినట్టు ఆగి కొమ్మ మీద వాలుతుంది. మేమిద్దరం చేతులు చాచి ఎన్నిసార్లు ఆ వాలుడు ఆడామో లెక్కలేదు.

ఆంక్లామ్ పేనె నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఓటో ఇక్కడ 1848 మే 23న పుట్టాడు, ఆయన తమ్ముడు గుస్టావ్ మరుసటి ఏడాది. ఆ తల్లికి ఎనిమిది మంది పుడితే బతికింది ముగ్గురే. వీళ్లిద్దరు, చెల్లెలు మారీ. ఓటోకి పదమూడేళ్లప్పుడు తండ్రి పోయాడు. ముగ్గురు పిల్లలతో మిగిలిన ఆ కరోలీన్ అనే తల్లి పిల్లల రెక్కల పిచ్చిని ఆపలేదు. నాకు ఈ కథలో మొదటి పెద్దమనిషి ఆవిడే.

బడి అయిపోగానే అన్నదమ్ములు ఊరి చుట్టూ ఉన్న పచ్చిక బయళ్లకి పోయి కొంగల్ని చూసేవాళ్లు. అంత బరువైన పక్షి గాలికి ఎదురుగా రెండడుగులు గెంతి లేస్తుందని, గాలి బాగా ఉంటే రెక్క ఆడించకుండానే పైకి పోతుందని గమనించారు. తర్వాత పల్చటి బీచ్ చెక్కలతో రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు రెక్కలు చేసుకుని, పట్టీలతో చేతులకి కట్టుకుని గుట్ట మీంచి పరుగెత్తారు. అదీ రాత్రిపూట, తోటి పిల్లలు చూస్తే నవ్వుతారని. రెక్కలు లేవలేదు. గుస్టావ్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల వల్లే మనకీ సంగతి తెలుసు.

రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే మ్యూజియం ఉంది. గుమ్మం దాటి తలెత్తితే పైకప్పు నిండా రెక్కలు. ఆయన చేసిన గ్లైడర్లకు, అంటే ఇంజిను లేకుండా గాల్లో జారే రెక్కలకు, నమూనాలు అక్కడే తయారుచేసి వేలాడదీశారు. నేను ఫొటోల్లో చూసినప్పుడు గబ్బిలంలా అనుకున్నాను. కింద నిలబడి చూస్తే గొడుగు గుర్తొచ్చింది. భుజం దగ్గర ఒకచోట నుంచి విల్లో కర్రలు గొడుగు ఊచల్లా విసనకర్రగా విచ్చుకుని ఉంటాయి, వాటి మీద నూలు బట్ట. క్రికెట్ బ్యాట్లు చేసేది ఆ జాతి చెక్కతోనే. రెక్కలు మడిచి రైల్లో తీసుకెళ్లొచ్చు. మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. మోచేతులు ఆనించుకోవడానికి మెత్త వేసిన రెండు పట్లు, పట్టుకోవడానికి ఒక అడ్డకర్ర. అంతే. సీటు లేదు, బెల్టు లేదు, స్టీరింగ్ లేదు. నడుము నుంచి కాళ్లదాకా గాల్లో వేలాడుతుంటాయి. ఎడమకి ఒరిగితే కాళ్లు కుడికి విసరాలి, ముందుకు వాలితే వెనక్కి లాగాలి. ఒంటితోనే నడపాలి.

"ఇది మెషినా, వ్యాయామమా అక్కా?" అన్నాడు తమ్ముడు. నాకూ ఆ అనుమానమే వచ్చింది.

రెక్కల కంటే నన్ను ఎక్కువసేపు ఆపేసింది ఆయన కొలిచిన పద్ధతి. నిలువుగా ఒక ఇరుసు, దానికి అడ్డంగా పొడవాటి కర్ర. తాళ్లకి కట్టిన బరువులు కిందకి దిగుతుంటే కర్ర గుండ్రంగా తిరుగుతుంది, అచ్చం జాతరలో రంగులరాట్నంలా. కర్ర చివర్ల చిన్న రెక్క ముక్కలు బిగించి, ఏ కోణంలో పెడితే గాలి ఎంత బలంతో పైకి నెడుతుందో, ఎంత బలంతో వెనక్కి లాగుతుందో తూచేవాళ్లు. చిన్నప్పుడు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి కాస్త వంచితే చెయ్యి దానంతటదే పైకి లేవడం అందరం చూసిందే. కండక్టర్ చేత తిట్లు కూడా తిన్నాం. ఆ పైకి నెట్టే బలాన్నే ఈయన ఏళ్ల తరబడి కొలిచాడు. పలక చదునుగా ఉంటే ఒక లెక్క. కొంగ రెక్కలా మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటే, చిన్న కోణంలోనే నెట్టుడు ఎంతో ఎక్కువ. ఈ సంగతి ఆయన 1874 నాటికే కొలిచి పెట్టుకున్నాడు. పుస్తకంగా అచ్చేసింది మాత్రం 1889లో. పదిహేనేళ్లు! మధ్యలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఫ్యాక్టరీ. మెకానికల్ ఇంజినీరింగ్ చదివినదాన్ని. లిఫ్ట్, డ్రాగ్ అని బోర్డు మీద బాణాలు గీసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ బాణాల వెనక ఇద్దరన్నదమ్ములు ఉన్నారని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ పుస్తకం పేరు, మన మాటల్లో చెప్పుకుంటే, 'పక్షుల ఎగురుడు: ఎగిరే విద్యకు పునాది'. మొదట్లోనే గాల్లో చుట్టు తిరిగే కొంగల కుటుంబం బొమ్మ ఉంటుంది, ఆయన వేసిందే. మ్యూజియంలో ఆ బొమ్మ ముందు తమ్ముడు చాలాసేపు నిలబడ్డాడు.

సాయంత్రం నికొలాయ్ చర్చి వైపు నడిచాం. పసివాడిగా ఓటోకి జ్ఞానస్నానం చేయించింది అందులోనే. రెండో ప్రపంచయుద్ధంలో ఈ ఊళ్లో అరాడో విమానాల ఫ్యాక్టరీ ఉండేది. దానికోసం 1943లో అమెరికన్ బాంబర్లు వచ్చాయి. యుద్ధం చివరి రోజుల్లో మరో దాడిలో పాత ఊరు చాలావరకు కాలిపోయింది, చర్చి కూడా. మోడుగా మిగిలిన ఆ గోడల మధ్య ఇప్పుడు ఎగిరే విద్య గురించిన పెద్ద ప్రదర్శనశాల కట్టే పని నడుస్తోంది. ఆ ఇటుకల్ని చూస్తుంటే నాకు మాట పెగల్లేదు. రెక్కలు కావాలని కలగన్న పిల్లలు పుట్టిన ఊరి మీదే రెక్కలున్న యంత్రాలు నిప్పులు కురిపించాయి. తిరుగు రైల్లో ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఆగస్టు 8, శుక్రవారం. డెర్విట్స్, లిష్టర్‌ఫెల్డె

పొద్దున్నే సైకిళ్లు రైల్లో వేసుకుని పోట్స్‌డామ్ అవతల డెర్విట్స్‌కి వెళ్లాం. పొలాల మధ్య చిన్న మిట్ట, పక్కన ఒక స్మారకం. 1891లో మొదటి ఎగురుళ్లు ఇక్కడే. మహా అంటే 25 మీటర్లు. అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, గాలి మాత్రం బాగుంది. అరగంటలో తిరుగుదారి పట్టాం. రావాల్సిన రైలు రద్దయిందని స్టేషన్‌లో తెలిసింది. తర్వాతి రైలు కోసం గంటన్నర కూర్చోవాల్సొచ్చింది. ఆ ఖాళీలో తమ్ముడికి మిగతా కథ చెప్పాను.

తండ్రి పోయాక ఓటో పోట్స్‌డామ్‌లో టెక్నికల్ స్కూలు, బెర్లిన్‌లో ఇంజినీరింగ్ చదివాడు. 1870 యుద్ధంలో పారిస్ ముట్టడికి సైనికుడిగా వెళ్లొచ్చాడు. గనుల యంత్రాల మీద పనిచేస్తూ, గని కార్మికుడి కూతురు ఆగ్నెస్‌ని 1878లో పెళ్లి చేసుకున్నాడు. ఆయన పొట్ట నిండింది రెక్కలతో కాదు, బాయిలర్లతో. పాములా మెలితిరిగిన గొట్టాలతో చేసిన చిన్న స్టీమ్ బాయిలర్ ఆయనది. పేలే ప్రమాదం తక్కువ కాబట్టి చిన్న చిన్న వర్క్‌షాపులవాళ్లు కొన్నారు. ఆ డబ్బుతో ఫ్యాక్టరీ పెట్టి, 1890లో లాభాల్లో 25 శాతం కార్మికులకి పంచుతానని నిర్ణయించాడు. పేదవాళ్లు కూడా నాటకం చూడాలని ఒక థియేటర్లో డబ్బు పెట్టి చవక టికెట్లు అమ్మించాడు, తనే ఒక నాటకం రాశాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి పిల్లలు ఇళ్లు కట్టి ఆడుకునే రాతి దిమ్మెల ఆటవస్తువు కనిపెట్టారు. దాని హక్కులు అమ్మేసుకున్నారు, కొన్నవాళ్లు ప్రపంచమంతా అమ్ముకున్నారు.

"ఇంత మంచోడికి ఎగరడానికి టైమెప్పుడు దొరికిందక్కా?"

"ఆదివారాలు రా."

లిష్టర్‌ఫెల్డెలో దిగేసరికి మూడయింది. బెర్లిన్ దక్షిణాన చెట్లు నిండిన పేట. ఇక్కడే ఆయన ఇల్లు కట్టుకుని, పెరట్లో కొంగపిల్లల్ని పెంచి, అవి ఎగరడం నేర్చుకునే తీరు గమనించాడు. గుస్టావ్ ఆర్కిటెక్టు. చిన్న చిన్న కోటల్లాంటి ఇళ్లు ఆయన కట్టినవి ఈ వీధుల్లో ఇంకా ఉన్నాయి. బురుజులు, గుమ్మం ముందు చిన్న వంతెన, బొమ్మల పుస్తకంలోంచి దిగొచ్చినట్టు. చాలామంది గుస్టావ్‌ని అన్న నీడగా చూస్తారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. కొలతల్లో సగం చెయ్యి ఆయనది. తక్కువ జీతాల వాళ్లకి ఇళ్లు కట్టించే సహకార సంఘం మొదలుపెట్టినవాళ్లలో ఆయనొకడు.

ఫ్లీగెబెర్గ్, అంటే ఎగిరే కొండ, ఇప్పుడు ఒక పార్కు మధ్యలో ఉంది. అక్కడి ఇటుకబట్టీ వాళ్లు మన్ను తవ్విపోస్తుంటే, ఆ మట్టితో 1894లో ఓటో పోయించుకున్న దిబ్బ అది. 15 మీటర్ల ఎత్తు, చుట్టూ ఒకే వాలు. గాలి ఎటు నుంచి వీచినా దానికి ఎదురుగా పరుగెత్తొచ్చు. కొంగల దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అదే కదా. కొండ నెత్తిన అప్పట్లో రెక్కలు దాచుకునే కొట్టు ఉండేది. 1932లో దానిచోట గుండ్రటి కప్పుతో స్మారకం కట్టారు. కప్పు మధ్యలో ఆకాశానికి తెరిచిన గుండ్రటి రంధ్రం, కింద ఒక గోళం. తవ్విన గోతిలో నీళ్లు చేరి కొండ పక్కన చెరువైంది.

మెట్లెక్కి పైన కూర్చున్నాం. ఆదివారాలు బెర్లిన్ జనం గుంపులుగా ఇక్కడికొచ్చి చూసేవాళ్లట. ఫొటోగ్రాఫర్లూ వచ్చారు. ఎగిరే మనిషి ఫొటోలు పత్రికల్లో దేశదేశాలకీ వెళ్లాయి. మనిషి గాల్లో ఉన్నట్టు జనం తమ కళ్లతో చూసుకున్నది ఆ బొమ్మల్లోనే. ఈ దిబ్బ మీద నడిచిన నమూనాని ఆయన ఫ్యాక్టరీలో చేయించి 500 మార్కులకి (అప్పటి జర్మన్ డబ్బు) అమ్మాడు. రెక్కల అడ్డం 6.7 మీటర్లు, బరువు 20 కిలోలు. మాస్కో నుంచి శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ కొన్నాడు, బ్రిటన్ నుంచి వచ్చిన ఇంజినీరు పెర్సీ పిల్చర్ కొన్నాడు. ఒకే నమూనాలో తయారై అమ్ముడైన మొదటి ఎగిరే యంత్రం ఇదే.

ఐదేళ్లలో ఆయన ఎగిరింది రెండు వేలసార్లకు పైనే. అన్నీ కలిపినా గాల్లో గడిపింది ఐదు గంటలే అని 1901లో విల్బర్ రైట్ లెక్క చెప్పాడు. ఆ మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఐదేళ్లకు ఐదు గంటలు. మిగతా కాలమంతా ఏం చేశాడు? 20 కిలోల రెక్కలు మోసుకుంటూ కొండెక్కాడు. దిగడం పది సెకన్లు, ఎక్కడం పది నిమిషాలు. మళ్లీ దిగడం, మళ్లీ ఎక్కడం. ఎగిరిన మనిషి అని అందరూ అంటారు. నా కళ్లకి మాత్రం ఆయన ఎప్పుడూ భుజాన రెక్కలతో వాలు ఎక్కుతూనే కనిపిస్తాడు.

తమ్ముడు వాచీ చూసుకుంటూ కొండ దిగి మళ్లీ ఎక్కొచ్చాడు, ఖాళీ చేతులతో. నాలుగోసారికి పచ్చిక మీద కూలబడి, "రెండు వేలు..." అన్నాడు ఆయాసంతో.

చీకటి పడేలోపు సైకిళ్ల మీద ష్టెగ్లిట్స్ కాలువ గట్టుకి వెళ్లాం. అక్కడ 1914లో పెట్టిన స్మారకం మీద ఇకారస్ బొమ్మ ఉంది. సూర్యుడికి దగ్గరగా పోయి రెక్కలు కరిగి పడిన గ్రీకు కుర్రాడు. నాకా పోలిక నచ్చలేదు. ఇకారస్ మాట వినక పడ్డాడు, ఈయన ప్రతి అడుగూ కొలుచుకుని నడిచాడు. నాకు గుర్తొచ్చింది సంపాతి. తమ్ముడు జటాయువు ఎండకి సొమ్మసిల్లుతుంటే తన రెక్కలు అడ్డుపెట్టి, అవి కాలిపోయి వింధ్య మీద పడ్డ అన్న. తాతయ్య చెప్పిన కథ. ఎగరడం అంటే ఎందుకో అన్ని దేశాల్లోనూ తోబుట్టువుల కథే అవుతుంది.

ఆగస్టు 9, శనివారం. ష్టోల్న్

రాథెనో దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఎండ చురుక్కుమంటోంది. 1896లో ఇదే తేదీ ఆదివారం. ఆ పొద్దున ఆయన కూడా బెర్లిన్ నుంచి రైలెక్కి నోయ్‌ష్టాట్‌లో దిగి గుర్రపుబండిలో ఈ ఊరొచ్చాడు. వెంట మెకానిక్ పాల్ బైలిష్.

గోలెన్‌బెర్గ్ 110 మీటర్ల కొండ. మన నల్లమల చూసిన కళ్లకి గుట్టే. కానీ చుట్టూ బల్లపరుపు నేల కావడం వల్ల పైనుంచి చూస్తే భలే ఎత్తనిపిస్తుంది. లిష్టర్‌ఫెల్డె దిబ్బ మీంచి 80 మీటర్లు పోయేవాడు, ఈ ప్రాంతపు కొండల మీంచి 250 మీటర్ల దాకా వెళ్లాడు. పొడి గడ్డి, ఇసుక నేల, అక్కడక్కడా పైన్ చెట్లు. నేను అంచున నిలబడ్డాను. ముందు నుంచి సన్నటి గాలి. ఉన్నట్టుండి కింద నుంచి వెచ్చటి గాలి ఒక్కసారి ముఖానికి కొట్టి, చున్నీ పైకి ఎగదన్నింది. రెండు మూడు సెకన్లు. మళ్లీ ఏమీ లేదు. ఎండకి నేల కాగి, గాలి బుడగలా పైకి లేస్తుంది కదా, అది.

ఆయన్ని పడగొట్టింది అదే. మధ్యాహ్నపు ఎండలో ఎగురుతుండగా అలాంటి గాలి గ్లైడర్ ముక్కు కింద నుంచి తగిలింది. రెక్కలు పైకెత్తి గాల్లో నిలిచిపోయాయి. కాళ్లు ముందుకు విసిరి సరిచేసుకోబోయాడు, కుదరలేదు. దాదాపు 15 మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. రెండేళ్ల ముందు ఇలాగే పడ్డప్పుడు, ముందువైపు విల్లులా వంచి కట్టిన విల్లో కర్ర దెబ్బని కాచుకుని ఆయన ప్రాణం నిలబెట్టింది. ఈసారి అదృష్టం కలిసిరాలేదు. కాస్త విశ్రాంతి తీసుకుని మళ్లీ మొదలుపెడదామని ఆయన అన్నట్టు బైలిష్ తర్వాత చెప్పాడు. ఊళ్లోకి మోసుకెళ్లారు, అక్కణ్నుంచి రైల్లో బెర్లిన్ లేర్టర్ స్టేషన్‌కి తీసుకెళ్లారు.

రెక్కల రూపంలోనే లోపముందా అన్న ప్రశ్న నూట ఇరవయ్యేళ్లు నడిచింది. 2016లో జర్మన్ అంతరిక్ష పరిశోధనా సంస్థ ఆంక్లామ్ మ్యూజియం చేసిన నమూనాని పెద్ద గాలి సొరంగంలో పెట్టి పరీక్షించింది. అది నిలకడగా ఎగరగల యంత్రమేనని తేలింది. ఆ సంగతి చెప్తుంటే నా గొంతు ఎందుకో పూడుకుపోయింది. తమ్ముడు నీళ్ల బాటిల్ అందించి, "ఆయన లెక్క తప్పలేదన్నమాట" అన్నాడు మెల్లగా.

పడినచోట రాతి స్మారకం ఉంది. దగ్గరే ఒక మైదానం, అందులో, నమ్మరుగానీ, 53 మీటర్ల పొడవున్న ఇల్యూషిన్ 62 జెట్ విమానం నిలబడి ఉంది. 1989 అక్టోబరు 23న తూర్పు జర్మనీ పైలట్ హైన్స్-డీటర్ కాల్‌బాఖ్ దాన్ని ఈ గడ్డినేల మీదే దించాడు. ఉన్న చోటు 900 మీటర్లు. ఆ విమానానికి మామూలుగా రెండు కిలోమీటర్లకి పైగా రన్‌వే కావాలి. దుమ్ము మేఘంలా లేచి, విమానం ఆగింది. బెర్లిన్ గోడ కూలడానికి అప్పటికి పదిహేడు రోజులుంది. లిలియెంటాల్ గౌరవార్థం తెచ్చిన ఆ విమానానికి ఆయన భార్య పేరు పెట్టారు, లేడీ ఆగ్నెస్. ఆ పేరు పెట్టాలని తోచినవాళ్లకి దణ్నం పెట్టాలి. నలుగురు పిల్లలతో మిగిలిపోయిన ఆవిణ్ని ఎవరు తలుచుకుంటారు? లోపల పెళ్లిళ్లు కూడా రిజిస్టర్ చేస్తారు. మేం వెళ్లేసరికి ఒక జంట మెట్ల మీద ఫొటోలు దిగుతోంది. పెళ్లికూతురి మేలిముసుగు గాలికి లేస్తుంటే పక్కనున్న పెద్దావిడ పట్టుకుంటోంది.

సాయంత్రం బెర్లిన్ సెంట్రల్ స్టేషన్‌లో దిగాం. పాత లేర్టర్ స్టేషన్ ఉన్నది ఈ స్థలంలోనే. ఆయన్ని దించిన చోటే మేమూ దిగామన్న సంగతి ఎస్కలేటర్ మీద తట్టింది. వెనక్కి తిరిగి చూశాను. జనం, సామాన్లు, అనౌన్స్‌మెంట్లు.

ఆగస్టు 10, ఆదివారం. లాంక్‌విట్స్

ఆయన ఈ రోజున బెర్గ్‌మన్ క్లినిక్‌లో కన్నుమూశాడు. 48 ఏళ్లు. సమాధి లాంక్‌విట్స్ శ్మశానంలో ఉంది. దారిలో పూలకొట్టులో బంతిపూలు దొరికాయి. ఇక్కడవాళ్లు బంతిపూలు తెస్తారో లేదో తెలియదు, మేం మాత్రం అవే కొన్నాం.

రాయి మీద ఒక వాక్యం చెక్కి ఉంది: త్యాగాలు తప్పవు. చనిపోతూ ఆయనన్న మాటగా లోకమంతా చెప్పుకుంటుంది. కానీ ఆ మాట రాయి మీదకి ఎక్కింది నాజీల కాలంలో. కుర్రాళ్లని చావుకి పంపడానికి అలాంటి మాటలు బాగా అవసరమైన రోజులవి. ఆయన ఆఖరి మాటగా దాన్ని నేను ఒప్పుకోను. కొంచెం సేపు ఆగి మళ్లీ మొదలుపెడదామన్న మాటే ఈ మనిషికి సరిపోతుంది. రెండు వేలసార్లు కొండెక్కినవాడు ఇంకేమంటాడు?

మళ్లీ మొదలుపెట్టింది వేరేవాళ్లు. ఆయన చనిపోయాడన్న వార్త చదివాకే అమెరికాలో విల్బర్ రైట్‌కి ఎగరడం మీద మనసు మళ్లింది. ఆయన పట్టికలతోనే రైట్ సోదరులు రెక్కలు చేసుకున్నారు. 1901లో లెక్క కుదరకపోతే ఆయన్నే అనుమానించి, సొంతంగా గాలి సొరంగం కట్టుకుని కొలిచి, ఆయన అంకెలు చాలావరకు సరైనవేనని, తప్పు అంతకు ఎప్పటినుంచో అందరూ వాడుతున్న మరో అంకెలో ఉందని తెలుసుకున్నారు. 1903 డిసెంబరులో ఇంజినుతో ఎగిరారు. గుస్టావ్ అవన్నీ చూశాడు. కానీ ఆయనకి రెక్కలు ఆడించి ఎగరాలనే ఉండేది, చిన్నప్పుడు చూసిన కొంగల్లాగే. 1933లో 83 ఏళ్ల వయసులో పోయేదాకా ఆ ప్రయత్నం మానలేదు. నేను ఆయన్ని ఓడిపోయినవాడిగా చూడలేను.

పూలు పెట్టి బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం రెండవుతుంటే నాన్న వీడియో కాల్ చేశారు. అక్కడ సాయంత్రం ఐదున్నర. మా యాత్ర సంగతి వింటున్నప్పటి నుంచీ ఆయనకీ మనసు ఆగక, బండేసుకుని ఉప్పలపాడు చెరువుగట్టుకి వెళ్లారట.

"అమ్మాయ్, కనిపిస్తోందా? ఇదిగో, ఆ ఎడమపక్క చెట్టు..."

"ఫోన్ కదిలించొద్దు నాన్నా!" అన్నాడు తమ్ముడు.

బొమ్మ సరిగ్గా ఆనడం లేదు. చెరువు మీద ఎండ మెరుపు, తుమ్మకొమ్మలు, నాన్న బొటనవేలు. అంతలో కుడివైపు నుంచి ఒక పెద్ద పక్షి వచ్చింది. రెక్కలు ఆడించడం లేదు. చెట్టు దగ్గరికొచ్చి, కాళ్లు రెండూ ముందుకు చాపి, రెక్కలు వెనక్కి ఎత్తి, ఒక్క క్షణం గాల్లో నిలబడింది.

"కాళ్లు చూడక్కా, కాళ్లు!" అన్నాడు వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

కొమ్మ ఒకసారి కిందికి ఊగి, మళ్లీ పైకి లేచింది.